“ఫండింగ్ లేదు” అని ఐఈపీ మీటింగ్‌లో నోటితో అన్నారు, కాగితం మీద మాత్రం లేదు. ఇప్పుడేం చేయాలి?

చిన్నోడి అమ్మ

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ పోస్టులు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మాది డాలస్ పక్కన సబర్బ్. మావాడికి ఏడేళ్లు, సెకండ్ గ్రేడ్. మూడేళ్లప్పుడు ఆటిజం అని చెప్పారు. మాటలు వచ్చాయి గానీ అవసరానికి రావు. దాహమేసినా అడగడు, ఫైర్ డ్రిల్ జరిగితే మాత్రం వారం రోజులు దాని గురించే చెబుతాడు. పబ్లిక్ స్కూల్లో మామూలు క్లాసులోనే ఉంటాడు, రోజుకో గంట రిసోర్స్ రూమ్‌కి (విడిగా సాయం చేసే గదికి) తీసుకెళ్తారు.

ఈ ఏడాది రెండుసార్లు క్లాసులోంచి బయటికి పరుగెత్తాడు. రెండోసారి పార్కింగ్ దాకా వెళ్లిపోయాడు. ఎవరో పేరెంట్ కారు ఆపి పట్టుకున్నారట. నాకు ఫోన్ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు నుంచి స్కూల్ నంబర్ కనబడితే చాలు, చేతులు వణుకుతున్నాయి.

మొన్న ఆర్డ్ మీటింగ్ జరిగింది. మిగతా రాష్ట్రాల వాళ్లు ఐఈపీ (పిల్లవాడికి విడిగా రాసే చదువు ప్లాన్) మీటింగ్ అనేదాన్నే టెక్సాస్‌లో ఆర్డ్ అంటారు. వాడి పక్కన ఒక మనిషిని పెట్టమని అడిగాను. “మీ బాధ అర్థమైంది, కానీ వన్ టు వన్‌కి మా దగ్గర ఫండింగ్ లేదు” అన్నారు. అటు ఎనిమిది మంది, ఇటు నేనొక్కదాన్ని. ఇంకేం మాట్లాడాలో తోచలేదు. ఇంటికొచ్చి మినిట్స్ చూస్తే ఆ మాటే లేదు. “తల్లి తన ఆందోళన తెలిపారు” అని ఒక్క లైను, అంతే. సంతకం ఇంకా పెట్టలేదు.

మావారేమో “మనం హెచ్‌వన్ మీద ఉన్నాం, స్కూలుతో గొడవెందుకు” అంటున్నారు. అసలు డబ్బు నిజంగానే లేదా? ఏటా ఇంటి పన్ను అంతంత కడుతున్నాం, అదంతా ఎటు పోతోంది?

---

జెర్సీ పాతకాపు

సంతకం పెట్టకపోవడం మంచి పని చేశారమ్మా.

ఈ రాత్రికే ఒక మెయిల్ పెట్టండి. “ఫలానా తారీఖు మీటింగ్‌లో నా కొడుక్కి వన్ టు వన్ సపోర్ట్ అడిగాను, ఫండింగ్ లేదని నిరాకరించారు. దీనికి ప్రయర్ రిటెన్ నోటీస్ ఇవ్వండి” అని రాస్తే చాలు. మనం అడిగినదాన్ని కాదన్నప్పుడు ఆ నోటీసు ఇవ్వడం ఫెడరల్ చట్టం ప్రకారం తప్పనిసరి. దేన్ని కాదన్నారు, ఎందుకు కాదన్నారు, ఏ రిపోర్టులు చూసి ఆ నిర్ణయానికొచ్చారు, ఇంకా ఏ దారులు ఆలోచించి వద్దనుకున్నారు, ఇవన్నీ అందులో ఉండాలి.

తమాషా ఏమిటంటే, “డబ్బు లేదు” అని నోటితో అన్నవాళ్లెవరూ దాన్ని కాగితం మీద పెట్టరు. పెడితే వాళ్ల లాయరే ముందు వాళ్లని చీవాట్లేస్తాడు. మా పెద్దాడి విషయంలో ఆరేళ్లలో నాలుగుసార్లు ఈ నోటీసు అడిగాను. రెండుసార్లు అసలు నోటీసే రాలేదు, దాని బదులు మేం అడిగిందే వచ్చింది.

---

లెక్కలాయన

నేను ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లని నడిపే సంస్థ) ఫైనాన్స్ ఆఫీసులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను (టెక్సాస్ కాదు). డబ్బు ఎటు పోతోందని అడిగారు కాబట్టి కాస్త పెద్దగానే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

1975లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. అప్పటిదాకా వైకల్యం ఉన్న పిల్లల్ని బడిలో చేర్చుకోకపోయినా అడిగే దిక్కు లేదు. ఆ చట్టం ప్రతి పిల్లవాడికీ ఉచితంగా, తగిన చదువు చెప్పి తీరాలంది. 1990లో దానికి ఐడీఈఏ అని పేరు మార్చారు, ఆటిజాన్ని ప్రత్యేక కేటగిరీగా చేర్చింది కూడా అప్పుడే. చట్టం చేసేటప్పుడు వాషింగ్టన్ ఒక మాటిచ్చింది: దేశంలో సగటున ఒక విద్యార్థి మీద ఎంత ఖర్చవుతుందో అందులో 40 శాతం దాకా, ఇలాంటి ఒక్కొక్క పిల్లవాడికీ అదనంగా మేమిస్తాం అని. యాభై ఏళ్లయింది. ఆ 40 ఇంతవరకు చేరలేదు. ఈమధ్య సంవత్సరాల్లో 15 కూడా దాటడం లేదు. మొత్తం కలిపి ఏడాదికి 1400 కోట్ల డాలర్ల చుట్టూ వస్తోంది. వినడానికి పెద్ద అంకె. దాన్ని దేశంలో 75 లక్షల మంది పిల్లలకి పంచితే తలకి రెండు వేల డాలర్లు కూడా రాదు. పిల్లవాడి పక్కన సాయంగా ఉండే ఒక ఎయిడ్ జీతంలో ఏ మూలకి?

మిగతాది రాష్ట్రమూ స్థానిక పన్నులూ భరించాలి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఆటిజం పిల్లలు పెరిగితే ఫెడరల్ డబ్బు కూడా పెరుగుతుందనుకుంటారు. పెరగదు. 1997 సవరణల తర్వాత ఆ ఫార్ములా పాత బేస్ మొత్తం (రాష్ట్రానికి అంతకుముందు వచ్చిన డబ్బు) మీదా, ఆపైన వచ్చే దానిలో 85 శాతం రాష్ట్రంలోని పిల్లల మొత్తం జనాభా మీదా, 15 శాతం పేదరికం మీదా నడుస్తోంది. ఫెడరల్ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కలో ఆటిజం పిల్లలు 2000లో 150 మందికి ఒకరుంటే, 2022 నాటికి 31 మందికి ఒకరు. బడిలో ఆటిజం పిల్లలు ఇద్దరున్నచోట పది మంది అయినా, వాషింగ్టన్ పంపే చెక్కులో ఆ మార్పు కనబడదు.

కాబట్టి “ఫండింగ్ తక్కువ” అన్న మాట అబద్ధం కాదు. పైగా కోవిడ్ టైములో వచ్చిన రిలీఫ్ డబ్బుతో చాలా డిస్ట్రిక్టులు మనుషుల్ని తీసుకున్నాయి. ఆ నిధుల గడువు 2024 సెప్టెంబర్‌తో అయిపోయింది, పెట్టుకున్న మనుషులు మిగిలారు, జీతాలకి డబ్బు మిగల్లేదు. మా ఆఫీసులో ఆ నెల ఎవరూ సరిగ్గా భోజనం చేయలేదు.

కానీ అమ్మా, అది వాళ్ల సమస్య. మీ బాబు ఐఈపీలోకి అది రాకూడదు. ఇక్కడ తేడా జాగ్రత్తగా చూడండి. పిల్లవాడికి సరిపోయే ప్లాన్లు రెండు ఉంటే, చవకైనదాన్ని స్కూలు ఎంచుకోవచ్చు, అందులో తప్పు లేదు. సరిపోయేది ఒక్కటే అయితే మాత్రం ధర మాట ఎత్తకూడదు. 1999లో అయోవా నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లిన గ్యారెట్ ఎఫ్ కేసు ఇదే. వెంటిలేటర్ మీద ఉన్న పిల్లవాడికి బడిలో రోజంతా నర్సింగ్ కావాలి, ఖర్చు భరించలేమని డిస్ట్రిక్ట్ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు.

అందుకే మీటింగ్‌లో డబ్బు గురించి మీరు వాదించొద్దు. వాదిస్తే వాళ్ల మైదానంలోకి వెళ్లి ఆడినట్టే. వాడికి ఏం అవసరమో, దానికి రుజువేమిటో, అంతవరకే మాట్లాడండి.

---

హెచ్‌వన్ బతుకు

లెక్కలాయన గారూ, బాగా చెప్పారు. కానీ ఆవిడ వాళ్లాయన భయం నాకూ ఉంది. మా పాపకి ఐఈపీ ఉంది. రేపు గ్రీన్‌కార్డ్ దగ్గర “మీ అమ్మాయి గవర్నమెంట్ డబ్బు తింది” అంటారేమో అని మా ఆవిడ ఇప్పటికీ టెన్షన్ పడుతుంది. సిగ్గు విడిచి అడుగుతున్నా, ఎవరికైనా తెలుసా?

---

జెర్సీ పాతకాపు

సిగ్గెందుకు బాబూ, ఈ ప్రశ్న ప్రతి రెండు నెలలకీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. బడి చదువు సంక్షేమ పథకం కాదు. స్పెషల్ ఎడ్యుకేషన్ కూడా బడి చదువే. పబ్లిక్ ఛార్జ్ (సర్కారు సాయం మీద బతికేవాళ్లా అని గ్రీన్‌కార్డ్ దగ్గర చూసేది) లెక్కలోకి అది రాదు. అసలు వీసా కాగితాలే లేని పిల్లలకి కూడా పబ్లిక్ స్కూల్ తలుపు మూయకూడదని 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వచ్చింది కూడా టెక్సాస్ నుంచే, టైలర్ అనే ఊరు.

మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) సంగతి వేరు, దానికి మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఇక్కడ ఎవరో చెప్పారని నమ్మొద్దు, నేను చెప్పినా సరే.

---

బే ఏరియా అమ్మ

మెడికెయిడ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. స్కూల్లో ఇచ్చే స్పీచ్, ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ) లాంటి థెరపీలకి స్కూళ్లు మెడికెయిడ్‌కి బిల్లు పెట్టుకోవచ్చు. ఆ డబ్బు వాళ్లకి చాలా ముఖ్యం. కానీ దానికి ముందు మన లిఖితపూర్వక అనుమతి కావాలి. మనం వద్దన్నామని సర్వీసులు తగ్గించకూడదు. మాకు ఆ ఫారం స్కూల్ మొదలైన రోజు ఇచ్చే నలభై కాగితాల మధ్యలో వచ్చింది, ఫొటో డే ఆర్డర్ ఫారం కింద! చదవకుండా సంతకం పెట్టకండి.

---

టీచరమ్మ

నేను స్పెషల్ ఎడ్ టీచర్ని. ఈ థ్రెడ్‌లో స్కూల్ వాళ్లందరూ విలన్లలాగా కనబడుతున్నారు, అందుకని మా వైపు కూడా కాస్త వినండి.

నా కేస్‌లోడ్‌లో ఇప్పుడు పంతొమ్మిది మంది పిల్లలున్నారు. పారాలు (అదే, ఎయిడ్‌లు) ముగ్గురుండాలి, ఇద్దరే ఉన్నారు. మూడో పోస్టుకి డబ్బు ఉంది, మనిషి దొరకడం లేదు. ఎందుకు దొరుకుతారు? అదే రోడ్డు మీద గోదాములో పెట్టెలు సర్దితే గంటకి ఇంతకన్నా ఎక్కువిస్తారు, అక్కడ ఎవరూ కొరకరు కూడా. సెప్టెంబర్‌లో చేరినావిడ నవంబర్‌లో మానేసింది. పిల్లలకి ఆవిడ అలవాటయ్యేలోపు వెళ్లిపోయింది. కాబట్టి మీ ఆర్డ్‌లో “ఫండింగ్ లేదు” అన్నవారి మనసులో ఉన్నది బహుశా “మనిషి లేరు” అని. రెండూ ఒకటి కాదు, కానీ రెండూ సాకులే, చట్టం దృష్టిలో రెండూ చెల్లవు. అది నేనూ ఒప్పుకుంటా.

ఇంకో మాట, దయచేసి తప్పుగా అనుకోవద్దు. ఆటిజం అనగానే వన్ టు వన్ అడగడం తల్లిదండ్రులకి అలవాటైపోయింది. పక్కనే అతుక్కుని కూర్చునే ఎయిడ్‌ని మేం “వెల్క్రో” అంటాం. నేను చూసిన ఒక పిల్లవాడు మూడేళ్లు అలాంటి ఎయిడ్‌తో ఉన్నాడు. నాలుగో గ్రేడ్ వచ్చేసరికి పెన్సిల్ కింద పడినా ఆవిడ వైపే చూసేవాడు. తోటి పిల్లలు వాడితో మాట్లాడాలంటే ఆవిడతో మాట్లాడేవాళ్లు. మంచి ఆవిడే పాపం, ప్రాణం పెట్టి చూసుకుంది. అదే ఇబ్బందయింది.

మీ బాబు ఎప్పుడు పరుగెత్తుతున్నాడో చూశారా? రెండుసార్లూ ఒకే టైమా? లంచ్ తర్వాతా, మ్యూజిక్ క్లాసుకి ముందా? అది తేల్చడానికి ఎఫ్‌బీఏ అని ఒక పరిశీలన ఉంటుంది, ఆ ప్రవర్తనకి కారణం ఏమిటో వెతికేది. ముందు అది అడగండి. మనిషి కావాలా, ఎంతసేపు కావాలా అన్నది దాంట్లోంచి రావాలి. “నా కొడుక్కి ఎయిడ్ కావాలి” అంటే కాదనడం తేలిక. “ఈ రెండు ట్రాన్సిషన్లలో (ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారేటప్పుడు) పెద్దవాళ్లెవరైనా చేతికందేంత దూరంలో లేకపోతే ప్రాణానికే ప్రమాదం, ఇదిగో ఇన్సిడెంట్ రిపోర్టులు” అంటే కాదనడం చాలా కష్టం.

---

చిన్నోడి అమ్మ

టీచరమ్మ గారూ, తప్పుగా ఏమీ అనుకోలేదు. మీరు అడిగాక కూర్చుని ఆలోచించాను. రెండుసార్లూ రీసెస్ (ఆటల విరామం) అయిపోయి లోపలికి వచ్చే టైములోనే. నాకు ఇప్పటిదాకా తట్టనే లేదు. ఇన్సిడెంట్ రిపోర్టు మొదటిదానికి అసలు ఇవ్వలేదు, అడగాలని కూడా నాకు తెలియదు.

---

నిక్కచ్చి

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండోవైపు నేను చెప్తా, తిట్టండి పర్లేదు. మా పిల్లలిద్దరికీ ఏ ఐఈపీ లేదు. క్లాసులో ఇరవై ఎనిమిది మంది. ఆర్ట్ టీచర్ని తీసేశారు, లైబ్రేరియన్ని మూడు స్కూళ్లకి కలిపి ఒకరిని పెట్టారు. బోర్డు మీటింగ్‌కి వెళ్తే స్పెషల్ ఎడ్ ఖర్చు పెరిగిందంటారు. ఒక్క పిల్లవాడికి ఒక పూర్తి జీతం పెడితే మిగతా ఇరవై ఏడు మంది సంగతేంటి? ఇది అడగడం పాపమా?

---

లెక్కలాయన

పాపం కాదు. బోర్డు మీటింగ్‌లో అందరి మనసులో ఉండేదీ, ఎవరూ బయటికి అననిదీ ఇదే.

కానీ మీ కోపం తప్పు చిరునామాకి వెళ్తోంది. ఆ 40 శాతం మాట నిలబెట్టుకుని ఉంటే మీ ఆర్ట్ టీచర్ ఉద్యోగం బహుశా పోయేది కాదు. ఆ లోటు పూడ్చడానికే డిస్ట్రిక్టులు జనరల్ ఫండ్‌లోంచి తీసి ఇటు పెడుతున్నాయి. పైగా మెయింటెనెన్స్ ఆఫ్ ఎఫర్ట్ అని ఇంకో నియమం ఉంది: కిందటేడాది స్పెషల్ ఎడ్ మీద స్థానిక డబ్బు ఎంత పెట్టారో ఈ ఏడాది అంతకు తగ్గించకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో ఒకటి “బాగా ఖర్చయ్యే పిల్లవాడు డిస్ట్రిక్ట్ వదిలి వెళ్లిపోతే” అని. అవును, చట్టంలోనే ఉంది. మొదటిసారి చదివినప్పుడు నాకు అదోలా అనిపించింది.

కొన్ని రాష్ట్రాలు ఈ భారాన్ని పంచుకుంటాయి. మసాచుసెట్స్‌లో సర్క్యూట్ బ్రేకర్ అని ఉంది. ఒక పిల్లవాడి ఖర్చు రాష్ట్రం లెక్కగట్టే సగటుకి నాలుగు రెట్లు దాటితే, దాటినదాంట్లో 75 శాతం దాకా రాష్ట్రం తిరిగిస్తుంది. అలాంటిది ఉంటే చిన్న ఊళ్లో ఒక కుటుంబం కొత్తగా దిగిందని బడ్జెట్ తలకిందులవదు. అది లేని చోట ఆ కుటుంబం మీద ఊరంతా గుర్రుగా చూస్తుంది.

---

నిక్కచ్చి

సరే, ఇది తెలియదు. నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, ఈసారి బోర్డు మీటింగ్‌లో ప్రశ్న మార్చి అడుగుతా.

---

పెద్దమ్మాయి నాన్న

టెక్సాస్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్లు.

మా అమ్మాయికి 2012లో ఎవాల్యుయేషన్ (స్పెషల్ ఎడ్ అవసరమా అని చేసే పరీక్ష) అడిగితే “ఇంకొన్నాళ్లు చూద్దాం” అన్నారు. తర్వాతి ఏడాదీ అదే మాట. ట్యూషన్ పెట్టించండి అన్నారు, ఆడపిల్ల కదా సిగ్గు ఎక్కువ అన్నారు. మేం మా పెంపకంలోనే లోపం ఉందనుకుని కుమిలిపోయాం. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పేపర్ బయటపెట్టాక తెలిసింది. 2004 నుంచి రాష్ట్ర విద్యాశాఖ స్పెషల్ ఎడ్‌లో పిల్లలు 8.5 శాతం మించకుండా ఉంటే డిస్ట్రిక్టులకి మంచి మార్కులు వేస్తోంది. దేశం మొత్తమ్మీద అది 13 దగ్గర ఉంటే ఇక్కడ 8.5! 2017లో శాసనసభ ఆ పద్ధతిని నిషేధించింది, 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ టెక్సాస్ చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. అప్పటికి మా అమ్మాయి మిడిల్ స్కూల్ దాటేసింది. పోయిన ఏళ్లకి ఎవరు లెక్క చెబుతారు?

ఇంటి పన్ను గురించి అడిగారు కదమ్మా. మీరు కట్టేదంతా మీ స్కూలుకే పోదు. ఆస్తుల విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టుల నుంచి కొంత రాష్ట్రం తీసుకుని పంచుతుంది, 1993 నుంచి ఉంది, జనం రాబిన్ హుడ్ అంటారు. రాష్ట్రం ఇచ్చేది కూడా ఎన్‌రోల్‌మెంట్ మీద కాదు, రోజువారీ హాజరు మీద. అందుకే పిల్లలు థెరపీకని బడి మానితే స్కూళ్లు ముఖం ముడుస్తాయి. దీనికో మెలిక ఉంది, రాసిపెట్టుకోండి: ఆటిజం ఉన్న పిల్లలు ఏబీఏకో (ప్రవర్తన మీద చేసే థెరపీ) స్పీచ్‌కో ఓటీకో వెళ్లి, అదే రోజు కాసేపైనా బడిలో ఉంటే, ఆ రోజు హాజరు కిందే లెక్క. స్కూలుకి డబ్బు పోదు. థెరపిస్టు నుంచి చీటీ తెచ్చివ్వండి చాలు.

ఇక స్పెషల్ ఎడ్ ఫార్ములా. ఇన్నాళ్లూ పిల్లవాడు ఏ గదిలో కూర్చుంటే దాన్నిబట్టి డబ్బు వచ్చేది. మామూలు క్లాసులో ఉంటే 1.15 వెయిట్ (అంటే మామూలు మొత్తానికి అన్ని రెట్లు), రిసోర్స్ రూమ్‌లోనో సెల్ఫ్ కంటెయిన్డ్‌లోనో (స్పెషల్ ఎడ్ పిల్లలకే ఉండే క్లాసు) ఉంటే ఆ గంటలకి 3. ఒకే పిల్లవాడు, అదే అవసరం, గది మారితే డబ్బు మారుతుంది. మీవాడిలా మామూలు క్లాసులో ఉంటూ సాయం ఎక్కువ కావలసిన వాళ్లకి ఇది పెద్ద దెబ్బ. 2025లో వచ్చిన హౌస్ బిల్ 2తో ఇది మారుతోంది. 2026-27 నుంచి గదిని బట్టి కాకుండా ఇచ్చే సర్వీసుల తీవ్రతని బట్టి ఇవ్వాలన్నారు. అమలు ఎలా ఉంటుందో చూడాలి, కానీ అందుకే ఐఈపీలో ప్రతి సర్వీసూ నిమిషాలతో సహా రాయించుకోవడం ఇప్పుడు మీకే కాదు, స్కూలుకి కూడా లాభం. ఈ పాయింట్ మీటింగ్‌లో మెల్లగా అనండి, ముఖాలు చూడండి.

ఇంకొకటి. టెక్సాస్‌లో ఆటిజం సప్లిమెంట్ అని ఉంది. ఆటిజం అర్హత ఉన్న ప్రతి పిల్లవాడికీ ఆర్డ్ కమిటీ పదకొండు అంశాలు తప్పనిసరిగా పరిశీలించాలి. వాటిలో ఒకటి ఏమిటో తెలుసా? ఎంతమంది పిల్లలకి ఎంతమంది సిబ్బంది ఉండాలన్నది. మీ కాగితాల్లో ఆ పేజీ ఉంటుంది, తీసి చూడండి. అక్కడ “అవసరం లేదు” అని టిక్ పెట్టి ఉంటే, ఎందుకని అడగండి.

---

కొలంబస్ నాన్న

ఇంత తంటా ఎందుకండీ? మేం ఒహాయోలో ఆటిజం స్కాలర్‌షిప్ తీసుకుని బయటపడ్డాం. 2003లో మొదలైంది, ఇప్పుడు ఏడాదికి 30,000 డాలర్ల పైచిలుకు ఇస్తున్నారు. ఆటిజం పిల్లలకోసమే ఉన్న చిన్న ప్రైవేట్ స్కూల్లో వేశాం. రెండేళ్లలో మావాడు రెండు ముక్కల వాక్యాల నుంచి కథలు చెప్పేదాకా వచ్చాడు. టెక్సాస్‌లో కూడా 2025లో ఎడ్యుకేషన్ సేవింగ్స్ అకౌంట్ (ప్రైవేట్ చదువుకి రాష్ట్రం ఇచ్చే డబ్బు) చట్టం చేశారు కదా, వైకల్యం ఉన్న పిల్లలకి 30,000 దాకా అంటున్నారు, 2026-27 నుంచి. దానికి అప్లై చేసుకోండి, ఆర్డులూ గీర్డులూ వదిలేయండి.

---

జెర్సీ పాతకాపు

మీ బాబుకి కుదిరింది, సంతోషం. కానీ వదులుకున్నదేమిటో కూడా చెప్పండి. ఆ డబ్బు తీసుకున్న రోజున ఉచితమైన తగిన చదువు అనే ఫెడరల్ హక్కుని పక్కన పెట్టినట్టే. ప్రైవేట్ స్కూలు “మాకు కుదరడం లేదు, తీసుకెళ్లండి” అంటే అడగడానికి హియరింగ్ ఆఫీసర్ ఉండడు. పరుగెత్తే పిల్లలని అసలు చేర్చుకోని స్కూళ్లే ఎక్కువ. ఫీజు నలభై వేలుంటే మిగతా పది వేలు ఎవరిస్తారు?

---

కొలంబస్ నాన్న

మీరన్న రిస్క్ నిజమే. మేం పేపర్ మీద సంతకం పెట్టేటప్పుడు రాత్రంతా నిద్రపోలేదు. కానీ హక్కు ఉండి కూడా రోజుకి ఇరవై నిమిషాల స్పీచ్ కోసం రెండేళ్లు కొట్లాడిన ఇంట్లో కూర్చుని ఆ మాట అనండి. కాగితం మీద హక్కు వల్ల మావాడికి మాటలు రాలేదు. మా ఊళ్లో మంచి స్కూలు ఉంది, మా టైము బాగుంది. లేనివాళ్ల సంగతి నాకు తెలుసు, వాళ్లకి ఇది దారి కాదు.

---

పెద్దమ్మాయి నాన్న

ఇద్దరూ ఆగండి. ఆ సేవింగ్స్ అకౌంట్ డబ్బు పూర్తి మొత్తం రావాలన్నా ఇక్కడ ముందు డిస్ట్రిక్ట్ చేసిన ఐఈపీ కావాలి. ఆ ఐఈపీలో ఏముందో దాన్నిబట్టే మొత్తం. అంటే ఉన్నా, వెళ్లినా, ముందు ఈ కాగితం సరిగ్గా రాయించుకోవాల్సిందే. ఆవిడ అడిగింది అదే.

---

హెచ్‌వన్ బతుకు

లాయర్ని పెట్టుకోవాలా మరి? మా వాళ్లెవరో రిటైనర్‌కే (లాయర్‌కి ముందుగా ఇచ్చేది) ఐదు వేలు కట్టామన్నారు.

---

జెర్సీ పాతకాపు

మొదటి రోజే అక్కర్లేదు. రాష్ట్ర విద్యాశాఖకి కంప్లెయింట్ పెట్టడం ఉచితం, ఉల్లంఘన జరిగిన ఏడాదిలోపు పెట్టాలి, అరవై రోజుల్లో తేల్చాలి. మీడియేషన్ (మధ్యవర్తి ముందు మాట్లాడుకోవడం) కూడా ఉచితమే. ఇవి దాటి డ్యూ ప్రాసెస్ హియరింగ్‌కి (కోర్టులాంటి విచారణకి) వెళ్తే అప్పుడు లాయర్ మాట. 2007లో ఒహాయోలోని పార్మా నుంచి, ఆటిజం ఉన్న పిల్లవాడి అమ్మానాన్నలు లాయర్ లేకుండానే ఫెడరల్ కోర్టుకి వెళ్తామంటే సుప్రీంకోర్టు వెళ్లొచ్చు అంది. వెళ్లొచ్చు అన్నంత మాత్రాన వెళ్లమని కాదు. రుజువు చేసే బాధ్యత, 2005 తీర్పు ప్రకారం, ఫిర్యాదు చేసినవాళ్లదే. మా న్యూజెర్సీ చట్టం దాన్ని తిప్పి డిస్ట్రిక్ట్ మీద పెట్టింది. టెక్సాస్‌లో అలా లేదు, అక్కడ మీ మీదే. పైగా గెలిస్తే లాయర్ ఫీజు రాబట్టుకోవచ్చు గానీ, సాక్షిగా తెచ్చుకున్న ఎక్స్‌పర్ట్ ఫీజు రాదు.

---

టీచరమ్మ

లాయర్ కంటే ముందు ఎండ్రూ ఎఫ్ పేరు గుర్తుపెట్టుకోండి. కొలరాడోలో ఆటిజం ఉన్న పిల్లవాడు. ఏటా ఐఈపీలో అవే గోల్స్ తిప్పితిప్పి రాసేవాళ్లు, అమ్మానాన్నలు విసిగి ప్రైవేట్‌లో వేసి ఫీజు అడిగారు. 2017లో సుప్రీంకోర్టు ఎనిమిది మందీ ఏకగ్రీవంగా, నామమాత్రపు పురోగతి చాలదు, ఆ పిల్లవాడి పరిస్థితికి తగిన పురోగతి ఉండాలి అన్నారు. నేను మా స్టాఫ్ రూమ్‌లో ఆ తీర్పు గురించి చెబితే ఒకావిడ “మరి ఆ పురోగతికి మనుషుల్ని కూడా కోర్టే పంపుతుందా” అంది. నా దగ్గర జవాబు లేదు.

---

చిన్నోడి అమ్మ (మూడు వారాల తర్వాత)

ఏమైందో అప్‌డేట్ ఇస్తున్నాను.

మెయిల్ ఆ రాత్రే పెట్టాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు డయాగ్నస్టీషియన్ (పిల్లల్ని పరీక్షించే స్కూల్ ఉద్యోగి) ఫోన్ చేసి “ఫండింగ్ అని మేం అనలేదే” అన్నారు. “అయితే ఎందుకు కాదన్నారో రాసివ్వండి” అన్నాను. నా గొంతు వణికింది, వాళ్లకి వినబడే ఉంటుంది. మొదటి మీటింగ్‌ని విరామంలో పెట్టినట్టుగా లెక్కేసి, పది స్కూల్ రోజుల్లోపే మళ్లీ కూర్చున్నాం. ఈసారి మావారు కూడా వచ్చారు, ఇన్సిడెంట్ రిపోర్టులు ఆయనే వరసగా పెట్టారు. ఆటిజం సప్లిమెంట్ పేజీలో స్టాఫ్ రేషియో దగ్గర నిజంగానే “అవసరం లేదు” అని టిక్ ఉంది! పార్కింగ్‌లో దొరికిన పిల్లవాడికి!

రోజంతా మనిషిని ఇవ్వలేదు. రీసెస్, లంచ్, బస్సు ఎక్కేటప్పుడు, ఈ మూడు చోట్ల పేరు రాసి ఒకరిని పెట్టారు, మొత్తం రోజుకి డెబ్బై నిమిషాలు. ఎఫ్‌బీఏకి ఒప్పుకున్నారు. ఆ టైములో ఆ మనిషి సెలవు పెడితే ఎవరు అన్నది కూడా రాయమన్నాను, అక్కడ కాస్త వాదన అయింది, చివరికి రాశారు. నేను అడిగింది పూర్తిగా రాలేదు. కానీ టీచరమ్మ గారు చెప్పింది ఆలోచిస్తే రోజంతా వద్దేమో అని ఇప్పుడు నాకే అనిపిస్తోంది. ఎఫ్‌బీఏ వచ్చాక చూద్దాం. సమ్మర్ సర్వీసుల సంగతి ఇంకా తేలలేదు.

మీటింగ్ అయ్యాక, అందులో ఉన్న అసిస్టెంట్ ప్రిన్సిపాల్ కారిడార్‌లో ఆపి, తన అక్క కొడుక్కి కూడా ఆటిజమే అని చెప్పారు. ఏమనాలో తెలియలేదు.

---

హెచ్‌వన్ బతుకు

అక్కా, కంగ్రాట్స్! ఆ మెయిల్ ఇక్కడ పెడతారా? మా మీటింగ్ గురువారం.

---

చిన్నోడి అమ్మ

ఇంగ్లీషులో పంపింది మీకు మెసేజ్ చేశాను. విషయం ఇంతే తమ్ముడూ: తారీఖు, ఎవరెవరున్నారు, నేను ఏం అడిగాను, వాళ్లు ఏమన్నారు (వాళ్ల మాటల్లోనే), నోటీసు ఎప్పటిలోగా కావాలి. ఆరు లైన్లు దాటలేదు. మొదట రెండు పేజీలు ఏడుస్తూ రాశాను, మావారు తీసేయించారు.

---

జెర్సీ పాతకాపు

మీటింగ్ ఇంకా అవలేదు కదా బాబూ, అప్పుడే నోటీసు అడగలేం. మీరు ఏమేం అడగబోతున్నారో లిస్టు ఈ రాత్రికే పంపి, మీటింగ్‌కి ముందే ప్రోగ్రెస్ డేటా ఇవ్వమనండి. గురువారం పొద్దున పంపితే ఎవరూ చూడరు.